మీ ఉత్తరం – మా జవాబు: కష్టాలన్నీ ఒక్కరి నెత్తినే పడితే ఏ ఆఫీసుకి పోవాలి?

ఈ నెల ఉత్తరాల్లో పొలం గట్టు తగాదాలు, రేషన్ కార్డు ఫిర్యాదులు వచ్చే సంచికకి దాచిపెట్టాను. మిగిలినవన్నీ ఇంచుమించు ఒకే రకం మనుషుల గురించి. ఉండడానికి చోటు లేదు, ఒంట్లో బాగాలేదు, మందు అలవాటుంది, ఏదో కేసో అప్పో వెంటాడుతోంది, చేతిలో చూస్తే ఒక్క కాగితం ముక్క లేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దానికంటూ ఒక ఆఫీసుంది. అన్నీ ఒకరికే ఉంటే మాత్రం ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసు వైపు వేలు చూపిస్తుంది. రాసినవాళ్లంతా నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లే కాబట్టి జవాబులు కూడా ఇక్కడ పనికొచ్చేలాగే ఇస్తున్నా. పేర్లు తీసేశాను.

ప్రశ్న: నెల్లూరు ఆత్మకూరు బస్టాండు కాడ నాకు టీ కొట్టుంది మేడం. నలభై ఏళ్లాయన ఒకరు నా పక్కన మూసేసిన షాపు మెట్ల మీద పడుకుంటాడు. తనలో తనే మాట్లాడుకుంటా ఉంటాడు, ఎవరన్నా చిల్లర ఇస్తే తాగేస్తాడు. కాలికి పుండు పడి వాసనొస్తా ఉంది. 108కి చేస్తే వచ్చి తీసకపోయారు, మర్నాడు మధ్యాహ్నానికల్లా మళ్లీ అవే మెట్ల మీద ఉన్నాడు. పోలీసులకి చెప్తే పిచ్చోళ్లని మేమేం చేసేది అన్నారు. నేనేం చేయాల?

జవాబు: ముందు ఆ కాలు సంగతి చూడండి. తాగుడు, మతి, ఇల్లు ఇవన్నీ వారం ఆగినా ఆగుతాయి గానీ వాసనొచ్చే పుండు ఆగదు, దానికి షుగర్ కూడా తోడైందంటే కాలే పోతుంది.

108 వాళ్ల బాధ్యత ఆసుపత్రి గుమ్మం దాకా. ఆ తర్వాత ఏ పెద్దాసుపత్రిలోనైనా మొదటి ప్రశ్న ఒకటే, ‘వెంట ఎవరొచ్చారు?’ ఒంటరి మనిషిని వార్డులో పెట్టుకుంటే స్కానింగ్‌కి స్ట్రెచర్ ఎవరు తోయాలి, బయటికి రాసిన మందు ఎవరు తేవాలి, రాత్రి లేచి వెళ్లిపోతే ఎవరు జవాబు చెప్పుకోవాలి అని స్టాఫ్‌కి టెన్షన్. దాంతో కట్టు కట్టి పంపేస్తారు, లేదంటే చుక్క దొరక్క ఒళ్లంతా వణికిపోయి ఆయనే లేచి వచ్చేస్తాడు. అందుకని ఈసారి 108లో ఆయన పక్కన ఒక మనిషి కూర్చోవాలి. కొట్టు వదిలి రోజంతా మీకు కుదరదని తెలుసు, బస్టాండు ఆటోవాళ్లలో పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వెళ్లి చూసొచ్చినా చాలు. కేస్ షీటులో ‘తెలియని వ్యక్తి’ అని రాసేచోట మీ ఫోన్ నంబరు కూడా రాయించండి. దర్గామిట్ట ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది కాబట్టి పుండుకి వైద్యం జరుగుతుండగానే ఆ డాక్టర్ని వార్డుకి పిలిపించమని అడగండి. డిశ్చార్జి చేసి, ఫలానా రోజు ఓపీకి రమ్మంటే ఆయన రాడు. ఆ స్థితిలో ఉంటే మీరూ నేనూ అయినా వెళ్లం.

మీకు రోజూ దగ్గర్నుంచి కనిపించేది టీ గ్లాసు కాబట్టి ఒక మాట అడుగుతా. పొద్దున తొలి టీ ఆయన రెండు చేతులతో పట్టుకుంటాడా? అయినా అంచుల మీంచి ఒలుకుతుందా? మధ్యాహ్నం చుక్క పడ్డాక అదే చెయ్యి నిలకడగా ఉంటుందా? అయితే ఒళ్లు మందుకి పూర్తిగా అలవాటు పడిపోయింది, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఈ సంగతి చూసింది మీరొక్కరే, కాబట్టి డాక్టరుకి చెప్పాల్సిందీ మీరే. అప్పటిదాకా సగం గ్లాసే పోసివ్వండి, చేతులు కాల్చుకోకుండా ఉంటాడు.

ఇక పోలీసులు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 100వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. తన స్టేషన్ పరిధిలో మతి స్థిమితం లేక, తన బాగోగులు తాను చూసుకోలేక రోడ్ల మీద తిరిగే మనిషి కనిపిస్తే అతన్ని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత. ఇరవై నాలుగు గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి, లాకప్పులోనో జైల్లోనో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ కట్టి, సొంతవాళ్లెవరో వెతికి పట్టుకోవాల్సిన పని కూడా స్టేషన్‌దే. నోటితో చెప్తే ‘మేమేం చేసేది’ అనే మాటే వస్తుంది. తెల్ల కాగితం మీద మనిషి ఆనవాళ్లు, ఉండే చోటు, పుండు సంగతి, 100వ సెక్షన్ నంబరు రాసి రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు పడిన కాగితానికి జవాబు చెప్పుకోవాలి కాబట్టి కదలిక వస్తుంది. అప్పటికీ రాకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకి ఆ కాపీ ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మానసిక రోగులకి అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు, ఆదాయం ఎంత అని అడగరు.

తర్వాత వచ్చే గొడవ ఇంకోటి ఉంది. ముందు తాగుడు మానిపించి తీసుకురండి, అప్పుడు మతి సంగతి చూద్దాం అని ఒకరంటారు. మతి బాగాలేనివాణ్ణి మేం డీఅడిక్షన్‌లో చేర్చుకోం అని ఇంకొకరు. తాగొచ్చేవాళ్లకి ఇక్కడ చోటు లేదని షెల్టరు వాళ్లు. ముగ్గురి మాటలూ విడివిడిగా వింటే సబబుగానే ఉంటాయి, ఆ మనిషి మాత్రం మెట్ల మీదే ఉండిపోతాడు. చాలామంది మనసులో భయాన్నీ చెవిలో వినిపించే మాటల్నీ అణచుకోవడానికే తాగుతారు కాబట్టి రెండిటికీ ఒకేసారి వైద్యం జరగాలి. ‘రెండూ కలిపి చూడండి’ అని మీరే నోరు తెరిచి అడగండి. ఎలా అడగాలో తెలియకపోతే 14416కి చేయండి, టెలి మానస్ అంటారు, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

రాత్రి పడక గురించి: పట్టణాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, రోజంతా తెరిచి ఉండేలా నిరాశ్రయుల వసతి గృహాలు ఉండాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మన దగ్గర ఆ పని మెప్మా (పట్టణ పేదల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థ) చూస్తుంది. నగరపాలక సంస్థ ఆఫీసులో మెప్మా వాళ్లని అడిగితే ఎక్కడుందో, ఖాళీ ఉందో లేదో చెప్తారు. ఆధార్ లేదంటే చేర్చుకోం అన్నా వెనక్కి రావద్దు, నిజానికి గుర్తింపు పొందిన షెల్టరు అధికారి ఇచ్చే సర్టిఫికెట్టే ఆధార్‌కి పత్రంగా పనికొస్తుంది.

ఇదంతా చేసి ఏం ఉపయోగం అని పక్క కొట్టు వాళ్లు అంటారు కాబట్టి ఒకటి చెప్తా. 1988లో ముంబైలో భరత్ వట్వాణి, స్మిత అనే సైకియాట్రిస్టు దంపతులు రోడ్డు పక్కన మురికి కాలవ నీళ్లు కొబ్బరి చిప్పతో తాగుతున్న కుర్రాణ్ణి చూసి తమ క్లినిక్‌కి తీసుకెళ్లారు. మందులు పడ్డాక చూస్తే అతను మన ఆంధ్రా వాడు, సైన్సు డిగ్రీ చదివినవాడు. అలా మొదలైన శ్రద్ధ ఫౌండేషన్ వేలమందిని ఇళ్లకి చేర్చింది, 2018లో వట్వాణికి మెగసెసే అవార్డు ఇచ్చారు. మీ మెట్ల మీద ఉన్నాయన ఏ ఊరివాడో ఎవరికి తెలుసు? టీ ఇచ్చేటప్పుడు ఊరు అడుగుతూ ఉండండి. రోజూ వేరే పేరు చెప్పినా సరే, ఏదో ఒకరోజు వాళ్ల ఊరి రైల్వేస్టేషను పేరో, చదివిన బడి పేరో బయటికొస్తుంది. అది మీ పుస్తకంలో రాసుకుని పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి.

ప్రశ్న: అక్కా, మాది కావలి. మా తమ్ముడు లారీ డ్రైవర్‌గా చేసేవాడు. తాగుడుకి బానిసై పని పోయింది, భార్య పిలకాయల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. ఒక దొంగతనం కేసులో జైలుకి వెళ్లొచ్చాడు, ఇంకా వాయిదాలున్నాయి, పోడు. ఒకటో తేదీ మా అమ్మకి పెన్షన్ రాంగానే లాక్కుంటాడు, కొడతాడు కూడా. గదిలో పెట్టి వారం రోజులు తాళం వేస్తే మానేస్తాడంటున్నారు. వేయొచ్చా?

జవాబు: వేయొద్దు. ఈ ఒక్క ముక్క చదివి మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం వస్తాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి లేనివి కనిపించడం, ఎక్కడున్నామో తెలియకపోవడం, జ్వరం, గుండె దడ. తాళం వేసిన గదిలో అది వస్తే ప్రాణం పోతుంది. ఆసుపత్రిలోనైతే మందులు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ దించుతారు. నెల్లూరు గానీ ఒంగోలు గానీ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి. డీఅడిక్షన్ హెల్ప్‌లైను 14446. ప్రైవేటు సెంటరుకి పంపేటట్టయితే దానికి మానసిక ఆరోగ్య సంస్థగా రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు నిజంగా వస్తాడా, ఫోన్లో మాట్లాడనిస్తారా అన్నవి ముందే తేల్చుకోండి. గొలుసులతో కట్టడం చట్టప్రకారం పూర్తిగా నిషేధం. కొట్టి మానిపిస్తాం అని గొప్పగా చెప్పే చోటుకి పంపొద్దు.

అమ్మగారి సంగతి వేరుగా చూడాలి, తమ్ముడు బాగుపడేదాకా ఆమెని ఆగమనకండి. ఒకటో తేదీ పెన్షన్ వచ్చే పూట ఆమెని మీ ఇంట్లోనో ఇంకో బంధువుల ఇంట్లోనో ఉంచండి. నాలుగు వేలు చేతికి రాగానే బియ్యం, మందులు కొనేసి మిగతాది మీ దగ్గర దాచండి. చెయ్యి చేసుకుంటే 112. పెద్దవాళ్ల కోసం 14567 ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓకి అర్జీ పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. కన్నకొడుకు మీద ఫిర్యాదా అని ఆమె ఏడుస్తుంది, ఏ తల్లయినా అంతే. కేసు పెట్టించడం వేరు, ఆయన తాగొచ్చిన రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలో ముందే ఏర్పాటు చేసుకోవడం వేరు. రెండోది మాత్రం ఆమెని ఒప్పించక్కర్లేకుండానే చేసేయొచ్చు.

వాయిదాలు ఎగ్గొడితే నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది, అప్పుడు చికిత్స మధ్యలో ఉన్నా పట్టుకెళ్తారు, మొదటికొస్తుంది. కావలి కోర్టులో మండల న్యాయసేవాధికార కమిటీని కలిసి, ఆసుపత్రిలో ఉన్నాడన్న కాగితం చూపించి వాయిదా మార్పించండి. రేపు మళ్లీ జైలుకి వెళ్లి జామీను కట్టలేక ఉండిపోవాల్సి వస్తే, పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో పెట్టిన పథకం ఉంది. విచారణ ఖైదీకి జామీను మొత్తం, శిక్ష పడి జరిమానా కట్టలేనివాళ్లకి ఆ జరిమానా, ఒక పరిమితి దాకా ప్రభుత్వమే కడుతుంది. జైలు అధికారులే జిల్లా కమిటీకి పంపాలి, కుటుంబం అడిగితే తొందరగా కదులుతుంది. పెద్ద నేరాలకీ గంజాయి కేసులకీ ఇది వర్తించదు.

సారా మీద తిరగబడ్డ జిల్లా మనది. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెడితే 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. అంత పెద్ద పోరాటంలో కూడా, అప్పటికే బానిసైపోయిన మగాణ్ణి ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నని ప్రభుత్వం తన మీద వేసుకోలేదని నా అభిప్రాయం. ఆ బరువు అప్పుడూ మీలాంటి అక్కలూ అమ్మలే మోశారు, ఇప్పుడూ మోస్తున్నారు. అందుకే ఒకటి అడుగుతున్నా, ఇదంతా మీరొక్కరే చేయకండి. ఆసుపత్రి ఒకరు, కోర్టు ఒకరు, అమ్మ ఒకరు అని మీ ఇంట్లో పంచుకోండి. మరదలికి కూడా ఫోన్ చేసి, నువ్వు తిరిగి రావాలని అడగడం లేదమ్మా, పిల్లల బడి ఎలా ఉంది అని మాత్రం కనుక్కుంటూ ఉండండి.

ప్రశ్న: మేం చలికాలంలో ఒంగోలు రైల్వేస్టేషను దగ్గర దుప్పట్లు పంచుతాం. ఇంకేమివ్వొచ్చు?

జవాబు: దుప్పట్లు అందరూ ఇస్తారు, మోసుకు తిరగలేక అమ్ముకుంటారు లేదా ఎవరో ఎత్తుకెళ్తారు. చెప్పులు (సైజు అడిగి), లోదుస్తులు, సబ్బు, గోళ్ల కత్తెర, ఆడవాళ్లకి ప్యాడ్లు, కాగితాలు తడవకుండా జిప్పున్న ప్లాస్టిక్ కవరు ఇవ్వండి. ఒక మంగలిని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఇచ్చేటప్పుడు ఫొటో తీయకండి.

ప్రశ్న: నమస్తే. నేను డిగ్రీ ఫైనలియర్, మాది ఇందుకూరుపేట వైపు. మేం యానాదులం. మా బాబాయి వాళ్లు రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటారు. నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నారు, మూడేళ్లయినా తీరలేదంటాడు ఓనరు. ఊరికి పండక్కి కూడా పంపడు. పిన్ని రెండు నెలల్నించి దగ్గుతా ఉంది, సన్నబడిపోయింది. పిలకాయలకి బర్త్ సర్టిఫికెట్ లేదు, ఆధార్ లేదు, బడికి పోవడంలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, పిన్ని దగ్గర మొదలుపెట్టు. రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం అంటే టీబీ అనుమానించాల్సిందే. ఆశా కార్యకర్తకి చెప్తే కఫం పట్టే డబ్బా ఇచ్చి పీహెచ్‌సీలో ఉచితంగా పరీక్ష చేయిస్తుంది. టీబీ అని తేలితే కనీసం ఆరు నెలలు మందులు ఉచితం, పౌష్టికాహారానికి నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరుకి ముందు అది ఐదొందలే ఉండేది. అందరూ ఒకే గుడిసెలో పడుకుంటారు కాబట్టి పిల్లలకి కూడా పరీక్ష చేయించాలి. ఆరోగ్యం పేరు మీద వెళ్తే ఓనరు కూడా అడ్డం చెప్పలేడు, ఆ వంకతో నువ్వు లోపల పరిస్థితి కళ్లారా చూసినట్టూ ఉంటుంది.

ఇక అప్పు. అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలనివ్వకపోవడం, కనీస కూలి ఇవ్వకపోవడం, వేరేచోట పనికి పోనివ్వకపోవడం వెట్టి కిందికే వస్తాయి. 1976 చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయిపోయింది, కట్టాల్సిన పని లేదు. అది వెట్టి కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా ఓనరే. విచారణ జరిపి విడుదల పత్రం ఇచ్చే అధికారం కలెక్టరుకీ ఆర్డీఓకీ ఉంది. 2016లో వచ్చి తర్వాత సవరించిన పునరావాస పథకం కింద బయటికొచ్చిన ఒక్కొక్కరికీ తక్షణ సాయం ముప్ఫై వేల దాకా ఉంటుంది. ఆ తర్వాత మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ రెండు లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో మూడు లక్షలు. పెద్ద మొత్తం కేసు నడిచేదాన్ని బట్టి వస్తుంది, ఆలస్యమవుతుంది. విడుదల పత్రం లేకపోతే వీటిలో ఏదీ రాదు, అందుకే ‘మాట్లాడి పంపించేశాం లే’ అని అధికారులు రాజీ చేస్తే ఒప్పుకోవద్దు. పత్రం అడుగు.

గుంట కాడికి వెళ్లి నువ్వు ఓనరుతో గొడవ పెట్టుకోవద్దు, రాత్రికి రాత్రి వాళ్లని వేరే ఊరి గుంటలకి మార్చేస్తారు. సోమవారం నెల్లూరు కలెక్టరేటులో తిక్కన ప్రాంగణానికి వెళ్లి అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. అదే కాపీ నెల్లూరులోనే ఉన్న యానాదుల ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో ఒకటి, న్యాయసేవాధికార సంస్థలో ఒకటి ఇవ్వు. అర్జీలో ఎవరెవరు ఉన్నారు, ఏ వయసు, ఎప్పుడు అడ్వాన్సు, ఎంత, ఎవరి ముందు ఇచ్చారు, ఎంత కూలి ముట్టింది అనేవి రాస్తే చాలు, పెద్ద భాష అక్కర్లేదు. ఎస్టీలని వెట్టి చేయించడం అట్రాసిటీ చట్టం కింద కూడా నేరమే, ఆ మాట కూడా చేర్చు.

కాగితాల గురించి. బడికి ఏ సర్టిఫికెట్టూ అడ్డం కాకూడదు, 2009 విద్యాహక్కు చట్టం ఆ మాట రాసిపెట్టింది. ముందు బడిలో వేసేయ్. బర్త్ సర్టిఫికెట్ ఏడాది దాటాక కావాలంటే ఆర్డీఓ స్థాయి ఉత్తర్వు పడుతుంది, సచివాలయంలో దరఖాస్తు పెట్టు. అంగన్‌వాడీ రిజిస్టరులో గానీ టీకాల కార్డులో గానీ పేరుంటే చాలా సాయం. బాబాయికి కొత్తగా ఆధార్ తీయాల్సి వస్తే పెద్దవాళ్లకి రాష్ట్ర స్థాయి పరిశీలన ఉంటుంది, నెలలు పడుతుంది, ఓపిక పట్టు. ఒకవేళ పాతదే ఉండి పోగొట్టుకుంటే పేరు లాంటి వివరాలు చెప్పి వేలిముద్రతో వెతికించొచ్చు. వేలిముద్ర పడకపోతే కంగారు పడొద్దు. వలలు లాగి, ఉప్పునీళ్లలో పనిచేసి చేతి గీతలు అరిగిపోయినవాళ్లని ఆ మిషను ముందు చూడాలి, ఆపరేటరు వేలు తుడిచి, మళ్లీ తుడిచి, కొంగుతో రుద్దించి, చివరికి ‘రేపు రండి’ అంటాడు. రేపు రానక్కర్లేదు, కంటిపాప తీసుకోమని అక్కడే అడుగు, దానికి నిబంధన ఉంది. ఇంకోటి, గిరిజనులకి వృద్ధాప్య పెన్షన్ 50 ఏళ్లకే ఇస్తారు, మీ కాలనీలో 60 దాకా ఎదురుచూస్తున్న పెద్దలెవరన్నా ఉన్నారేమో చూడు.

ప్రశ్న: రిటైర్డు ఉద్యోగిని, ఒంగోలు. మీరు ఎప్పుడూ వీళ్ల పక్షమే రాస్తారు. చేతులూ కాళ్లూ బాగానే ఉన్నవాళ్లు తాగి పడుకుంటే మన పన్నులతో తిండి, పడక, లాయరు ఎందుకండీ? ముందు తాగుడు మానమనండి, తర్వాత సాయం చేద్దాం.

జవాబు: మీ పన్ను ఇప్పటికే ఖర్చవుతోంది సార్, పనికిరాకుండా ఖర్చవుతోంది. ఒకే మనిషిని 108 మళ్లీ మళ్లీ మోయడం, అదే పుండుకి మళ్లీ మళ్లీ కట్టు, చిల్లర కేసుకి నెలల తరబడి జైలు భోజనం, కోర్టు సమయం. ఇంగ్లండులో ఈ లెక్క వేశారు. ఇల్లు లేకపోవడం, మత్తుకి బానిస కావడం, నేరాల్లో చిక్కుకోవడం, ఈ మూడూ ఒకేసారి ఉన్నవాళ్లు ఆ దేశంలో ఏడాదికి 58 వేలమంది అని లాంకెల్లీ చేజ్ ఫౌండేషన్ 2015లో బయటపెట్టింది. ఎక్కువమందికి చిన్నప్పుడే దెబ్బ తగిలింది, కొట్టే ఇళ్లు, తాగే తండ్రులు. వాళ్ల దగ్గర కూడా ఆసుపత్రి, జైలు, షెల్టరు వేటికవే బాగా నడుస్తున్నాయి, మధ్యలో ఉన్న మనిషే జారిపోతున్నాడు. అందుకని లాటరీ నిధులతో పన్నెండు చోట్ల, 2014 నుంచి ఎనిమిదేళ్ల పాటు ఒక పని చేసి చూశారు. ఒక్కొక్కరికీ వెంట తిరిగే ఒక మనిషిని ఇచ్చారు. డాక్టరు దగ్గరికి, కోర్టుకి, ఇంటి ఆఫీసుకి అదే మనిషి వస్తాడు, కథ మళ్లీ మొదటినుంచి చెప్పుకునే బాధ ఉండదు.

ముందు మానమనండి అన్నారు. 1992లో న్యూయార్కులో దీన్ని తిరగేశారు, ముందు తాళంచెవి చేతిలో పెట్టి తర్వాత చికిత్స సంగతి మాట్లాడారు. 2008 నుంచి ఫిన్లండు దేశమంతా అదే దారిలో వెళ్లి వీధుల్లో పడుకునేవాళ్లని బాగా తగ్గించింది. మన దగ్గర అన్ని ఇళ్లు ఇవ్వలేం, నేనూ ఒప్పుకుంటాను. కానీ రోడ్డు మీద రాత్రంతా ఎవరు తంతారో, ఎవరు జేబు కొడతారో అని కూర్చునే మనిషిని మెలకువగా ఉండి మందు మానేయమనడం మీకూ నాకూ తేలికే. మీకు పోయేదేం లేదు, అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకి భోజనం పెడుతున్నారు, ఒక పూట ఎవరో ఒకరితో కలిసి అక్కడ తినండి. తర్వాత మళ్లీ ఉత్తరం రాయండి, తిట్టినా వేస్తాను.

ప్రశ్న: కందుకూరు డ్వాక్రా గ్రూపు వాళ్లం అక్కా. మా బస్టాండులో ఇరవై అయిదేళ్ల పిల్ల, రెండేళ్ల పాపతో ఉంటోంది. ఒకసారి నవ్వుతుంది, ఒకసారి రాళ్లు విసురుతుంది. పాపని లాక్కుంటామని భయం, మమ్మల్ని చూస్తే పరిగెత్తుతుంది. రాత్రిళ్లు మగవాళ్లతో భయంగా ఉంది. మేం పదిమందిమి ఉన్నాం. సంస్థ రిజిస్టరు చేసి ఫండ్స్ తెచ్చుకోవాలా?

జవాబు: రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చమ్మా, ఈ రాత్రి సంగతి ముందు. బస్టాండు కంట్రోలరుకీ, రాత్రి డ్యూటీ కానిస్టేబులుకీ చెప్పి, ఆమె లైటు కింద, ఆడవాళ్ల వెయిటింగ్ దగ్గర పడుకునేలా చూడండి. 181కి ఫోన్ చేస్తే సఖి వన్‌స్టాప్ సెంటరు వాళ్లు వస్తారు, అక్కడ కొద్ది రోజులు ఉండనిస్తారు, డాక్టరు, లాయరు, పోలీసు సాయం అక్కడి నుంచే ఇప్పిస్తారు.

పదిమందీ ఒకేసారి వెళ్లొద్దు. ఇద్దరే వెళ్లండి, రోజూ ఆ ఇద్దరే, ఇంచుమించు అదే వేళకి. మొదట్లో ప్రశ్నలు వేయకండి. పాపకి పాలు, ఇడ్లీ తల్లి చేతికే ఇవ్వండి, మీరు పాపని ఎత్తుకోబోవద్దు. ఆమె భయం అబద్ధం కూడా కాదు, ఎవరో ఒకరు ఇప్పటికే ఆ ప్రయత్నం చేసి ఉంటారు. పిల్లల హెల్ప్‌లైను 1098కి చెప్పాలి, బాలల సంక్షేమ కమిటీకి తెలియాలి, అందులో అనుమానం లేదు. కానీ చెప్పేటప్పుడే తల్లీబిడ్డలని కలిపి ఉంచే ఏర్పాటు అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఒక మంచి మాట ఉంది, మానసిక చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా వేరు చేయకూడదు, తల్లి వల్ల బిడ్డకి ముప్పుందని డాక్టర్లు తేలిస్తే తప్ప. ఆ ‘మూడేళ్లు’ అన్న ముక్క కాగితం మీద రాసుకుని వెళ్లండి, కౌంటర్లో కూర్చునేవాళ్లకి తెలియకపోవచ్చు. పాపకి రెండేళ్లు కాబట్టి మీ చేతిలో సమయం కొంచెమే ఉంది, తాత్సారం చేయొద్దు. కాన్పు తర్వాత మతి చెదిరిన తల్లులు మందులు పడితే బాగా కోలుకుంటారు, ఈమెది అదే అని నేను చెప్పలేను గానీ డాక్టరుని ఆ సంగతి అడగండి. కాన్పు ఎప్పుడైంది, అప్పటినుంచేనా ఈ మార్పు అన్నది ఆమె నోటి నుంచి తెలిస్తే మంచిదే, తెలియకపోయినా ఆగొద్దు.

మిగిలిన ఎనిమిదిమందికీ పనుంది. ఒకరు ఫైలు చూసుకోండి, అందులో ప్రతి అర్జీ కాపీ, ఓపీ చీటీ, ఎవరితో ఏ తేదీన మాట్లాడారో ఉండాలి. ఒకరు ఒంగోలు, నెల్లూరు ఆఫీసులకి ఫోన్లు. ఇద్దరు ఆసుపత్రిలో చేరాక రాత్రి పడుకోవడానికి. చార్జీలకి గ్రూపు పొదుపులోంచి చిన్న మొత్తం పక్కన పెట్టి తీర్మానం పుస్తకంలో రాసుకోండి, తర్వాత లెక్కల గొడవ రాకుండా. రోజూ ఆ పిల్ల దగ్గరికి వెళ్లే ఇద్దరిలో ఒకరికి కుదరని రోజుంటే, బదులు వచ్చే ఆమెని అంతకు ముందురోజే వెంట తీసుకెళ్లి ఆ పిల్లకి చూపించి రండి.